నీళ్ల పరీక్ష అయింది, ఫలితం ఊరికి తెలిసిందా?

గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అహేరి. చంద్రపూర్ జిల్లాలో రాజురా, కొర్పనా, జివతి. యవత్మాల్‌లో పాండర్‌కవడా, ఝరీ జామణి. నాందేడ్‌లో కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్. తెలంగాణ వైపున ఉన్న ఈ మహారాష్ట్ర తాలూకాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రాజురా, కిన్వట్ అయితే 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. ఇక్కడి చాలా పల్లెల్లో ఇంట్లో తెలుగు, పంచాయతీ ఆఫీసులో మరాఠీ, పక్క గూడెంలో గోండీ వినిపిస్తాయి. తాగునీళ్ల మంచిచెడ్డల మీద ఊరి వాళ్లే కన్నేసి ఉంచడం ఎలా సాగుతోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడాలంటే ఈ ప్రాంతాన్ని గమనించాలి. నీళ్లను చెడగొట్టే కారణాలు దాదాపు అన్నీ ఇక్కడ ఉన్నాయి. పరీక్షలకు కావలసిన ప్రభుత్వ ఏర్పాట్లు కూడా కాగితం మీద చాలావరకు ఉన్నాయి. లంకె తెగేది ఒక్కచోటే. పరీక్షలో తేలిన విషయం ఆ నీళ్లు తాగే మనిషి దాకా రాదు.

నీళ్లు ఎలా ఉన్నాయో చూసుకోవడం పల్లెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పప్పు ఉడకలేదంటే, సబ్బు నురగ రాలేదంటే అవి ఉప్పునీళ్లని ఆడవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. బిందె అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకున్నా, టీ పెడితే నల్లగా మారినా ఆ బోరింగ్ నీళ్లలో ఇనుము ఉందని అర్థం చేసుకోవచ్చు. గడ్చిరోలి వైపు ఇనుము బాధ చాలా చోట్ల ఉంది. అది ప్రాణం తీసేది కాదు గానీ రుచి చెడుతుంది, బట్టలకు మరక పడుతుంది, అన్నం రంగు మారుతుంది. దాంతో జనం బోరింగ్ వదిలేసి వాగులో చెలమకో, పాత బావికో పోతారు. అక్కడి నీళ్లు తేటగా, తియ్యగా ఉంటాయి. కానీ పశువులు దిగేదీ, వాన పడితే పెంటకుప్పల నీరు చేరేదీ అక్కడికే. నాలుకకు నచ్చని నీళ్లు మానేసి కడుపుకు చేటు చేసే నీళ్లు తెచ్చుకున్నట్టవుతుంది. ఇందులో జనాన్ని తప్పుపట్టడం అన్యాయం. కంటికి, నాలుకకు అందిన ఆధారాన్ని బట్టి వాళ్లు సరిగ్గానే నిర్ణయించుకున్నారు. కంటికి అందనిది ఇంకా చాలా ఉందని వాళ్లకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

అలా అందని వాటిలో ముఖ్యమైనవి మూడు: ఫ్లోరైడ్, నైట్రేట్, రోగాలు తెచ్చే క్రిములు. నీళ్లు చూసి, వాసన చూసి, రుచి చూసి వీటిని పట్టుకోలేం.

ఫ్లోరైడ్ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినడాన్ని వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. తర్వాత నల్లగొండ పేరు చెబితే చాలు, అందరికీ ఆ జబ్బే గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది. మహారాష్ట్రలో ఎక్కువ భాగం నల్లరేగడి కింద బసాల్ట్ రాయి ఉంటుంది. నాందేడ్ జిల్లా తూర్పు అంచున, దెగ్లూర్, బిలోలి వైపు వచ్చేసరికి తెలంగాణలో ఉన్నలాంటి పాత గ్రానైట్ మొదలవుతుంది. నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్ మూడూ ఆ రాష్ట్రంలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న జిల్లాలే. నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచే కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. అందుకే ఎండాకాలంలో నీళ్లు అందడం లేదని బోరు ఇంకా లోతుకు దించిన ప్రతిసారీ ఆ నీళ్లను మళ్లీ పరీక్షించాలి. నీళ్లు పడ్డాయన్న సంతోషంలో ఆ పని మరుగున పడుతుంది.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించితే మొదట తెలిసేది పిల్లల పళ్ల మీద. చిన్నతనంలో, చిగురు లోపల పళ్లు తయారయ్యే ఏళ్లలో పడిన మచ్చ తర్వాత పోదు. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి తాగితే నడుము, మోకాళ్లు, మెడ బిగుసుకుపోతాయి. బడిలో పిల్లల పళ్లు వరసగా చూసిన టీచరుకు ఆ ఊరి నీళ్ల గురించి ఒక అంచనా రావాలి. ఊరి నిఘాలో బడి టీచరుకూ చోటు ఉండాలని అనేది అందుకే.

నైట్రేట్ ఎక్కువగా మన చేతుల మీదుగా వచ్చేదే. పత్తి చేలకు వేసే యూరియా, బావి పక్కనే ఉన్న పశువుల కొట్టం, పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత దానికి కారణాలు. లీటరుకు 45 మిల్లీగ్రాములు పరిమితి. అది మించిన నీళ్లతో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డకు రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశం మొత్తం మీద దాదాపు 20 శాతం నమూనాల్లో నైట్రేట్ పరిమితి మించింది. మహారాష్ట్ర నమూనాల్లో అది మూడో వంతు పైనే.

ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. కాచిన నీళ్లు మంచివన్న మాట క్రిముల విషయంలో నిజం. ఫ్లోరైడ్, నైట్రేట్ విషయంలో అది పనిచేయదు. మరిగించే కొద్దీ నీరు ఆవిరై పోతుంది, అవి గిన్నెలోనే ఉంటాయి. అంటే ఇంకా చిక్కబడతాయి.

ఈ తేడాను బట్టే ఎవరు ఏది పరీక్షించాలో తేలుతుంది. ఫ్లోరైడ్ ఇవాళ 2 మిల్లీగ్రాములు ఉంటే వచ్చే నెలా దాదాపు అంతే ఉంటుంది. దాన్ని సీజన్‌కోసారి ల్యాబులో జాగ్రత్తగా కొలిస్తే చాలు. క్రిములు అలా కాదు. సోమవారం లేనివి మంగళవారం ఉండొచ్చు. జిల్లా కేంద్రంలోని ల్యాబుకు వాటి వెంట పరిగెత్తే వీలు లేదు. క్రిముల పరీక్షకు తీసిన నమూనాను శుభ్రమైన సీసాలో, చల్లగా ఉంచి, 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. సిరొంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. వానాకాలంలో వాగులు పొంగితే ఆ రోడ్డు ఎప్పుడు తెగుతుందో తెలియదు. జబ్బులు ఎక్కువగా వచ్చేదీ అదే కాలంలో. ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు ఊరంతా తాగేసి ఉంటుంది. కాబట్టి రోజుకో తీరుగా మారే దాన్ని ఊరే చూసుకోవాలి. ఏళ్ల మీద ఒంట్లో పేరుకునే దాన్ని ల్యాబు చూడాలి. ఈ పని విభజన ఎక్కడా స్పష్టంగా లేదు. ఊరికి ఇచ్చిన నీటి పరీక్ష కిట్టుతోనే అన్నీ అయిపోతాయన్నట్టు మాట్లాడుతున్నారు.

ఊరు రోజూ చూడాల్సింది నిజానికి చాలా చిన్న విషయం: నల్లా చివర క్లోరిన్ మిగిలి ఉందా లేదా అన్నది. పల్లెల్లో నల్లా రోజుకు గంట సేపో, రెండు రోజులకోసారో వస్తుంది. నీళ్లు ఆపాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. అతుకు దగ్గర పగులు ఉంటే చుట్టూ నిలిచిన మురుగును పైపు లోపలికి లాగేసుకుంటుంది. మర్నాడు నల్లా తిప్పగానే మొదట వచ్చేది ఆ నీళ్లే. ట్యాంకు దగ్గర పట్టిన నమూనా ఎంత బాగున్నా దీని సంగతి చెప్పదు. లైను చివర ఉండేది చాలా ఊళ్లలో దళితవాడో, గూడెమో. ఒత్తిడి తక్కువ, నీళ్లు తక్కువ, మురుగు కలిసే అవకాశం ఎక్కువ. నమూనా తీయాల్సిన మొదటి చోటు అదే. సర్పంచ్ ఇంటి నల్లా చివరికి చూసినా నష్టం లేదు.

ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మహారాష్ట్ర పల్లెల్లో బ్లీచింగ్ పౌడర్‌ను టీసీఎల్ అంటారు. దాన్ని ట్యాంకులో కలిపే పని, ఓటీ ద్రావణం రెండు చుక్కలు వేసి పసుపు రంగు వస్తోందో లేదో చూసే పని పంచాయతీ నియమించిన జలసురక్షక్‌ది. పసుపు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతే పౌడర్ వేయలేదా, వేసినా సరిపోలేదా, పౌడరే నిర్జీవమైందా అని వెతకాలి. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. మంచి పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. అలాంటిది వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు వేస్తే లీటరుకు 0.8 మిల్లీగ్రాములు పడుతుంది. బస్తా మూతి విప్పి, తేమ తగిలే గదిలో నెలల తరబడి ఉంచితే బలం 15 శాతానికి పడిపోవచ్చు. అప్పుడు అదే కొలత వేసినా సగం కూడా పడదు. రిజిస్టరులో మాత్రం "పౌడర్ వేశాం" అనే ఉంటుంది. అబద్ధం ఎవరూ రాయలేదు, అయినా నీళ్లు శుభ్రం కాలేదు.

క్రిములు ఉన్నాయో లేదో ఊళ్లోనే తెలుసుకోవడానికి ఇంకో చవకైన దారి ఉంది. పరీక్ష మందు ముందే వేసి ఇచ్చే చిన్న సీసాలో గుర్తు దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉన్న చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. దీన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష అంటారు. మన దేశ శాస్త్రవేత్తలు మంజా, మౌర్య, రావు 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో దీన్ని వివరించారు. ఒక్కోసారి హాని లేని సూక్ష్మజీవుల వల్ల కూడా సీసా నల్లబడవచ్చు. కాబట్టి నల్లబడితే ల్యాబులో ధ్రువపరచుకోవాలి. ఆ లోపు ఆ నీళ్లు కాచి తాగాలి. ఈ పరీక్షలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది దాని ఖచ్చితత్వం కాదు. ఆ నలుపును చదువురాని మనిషి కూడా చూడగలగడం. బిందెలో తేటగా కనిపించిన నీళ్లే సీసాలో నల్లబడి కళ్లముందు నిలబడితే వాదన ఉండదు.

ప్రభుత్వం వైపు నుంచి ఏర్పాట్లు లేవని అనలేం. గ్రామీణ తాగునీటి నాణ్యత నిఘాకు జాతీయ కార్యక్రమం 2006లోనే మొదలైంది. పంచాయతీకి అయిదుగురికి శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన అప్పటిదే. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ దాన్ని ఊరికి అయిదుగురు మహిళలుగా మార్చింది. దేశవ్యాప్తంగా 24 లక్షల మందికి పైగా మహిళలకు కిట్టు వాడటం నేర్పినట్టు కేంద్రం లెక్కలు చెబుతున్నాయి. ప్రతి నీటి వనరునూ ల్యాబులో ఏడాదికోసారి రసాయనాల కోసం, రెండుసార్లు క్రిముల కోసం పరీక్షించాలి. మిషన్ నిధుల్లో 2 శాతం దాకా దీనికే వాడుకోవచ్చు. మామూలు మనిషి కూడా కొద్దిపాటి రుసుము కట్టి ల్యాబులో నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు. ఫలితాలన్నీ 2021 నుంచి ఒక పోర్టల్‌లోకి ఎక్కుతున్నాయి.

పోర్టల్ మంచిదే. కానీ అంకె పైకి ఎక్కడం మొదలయ్యాక పని లెక్క కోసం జరిగే ప్రమాదం వచ్చింది. ఎన్ని పరీక్షలు చేశారన్నది పై ఆఫీసు అడిగే మొదటి ప్రశ్న. ఎన్ని చెడ్డ ఫలితాలు వచ్చాయి, వాటిలో ఎన్నిటికి మరమ్మతు జరిగింది అన్నది అడిగేవాళ్లు తక్కువ. చెడ్డ ఫలితం రాస్తే ఊరికి చెడ్డపేరు, తనకు మెమో అని సర్పంచ్, గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) భయపడితే రిజిస్టరు నిండా మంచి ఫలితాలే ఉంటాయి. జూన్, జూలైలో, మృగశిర వానలకు పైపులన్నీ మునిగిన వారాల్లో కూడా ఒక్క నమూనా చెడిపోలేదని రాసి ఉన్న రిజిస్టరును నమ్మకూడదు. చెడ్డ ఫలితం తెచ్చిన ఊరికి ముందుగా రిపేరు, ముందుగా నిధి అనే నియమం పెడితే తప్ప ఈ భయం పోదు.

మహారాష్ట్రలో ఇంకో పాత పద్ధతి ఉంది. వానాకాలానికి ముందు ఏప్రిల్‌లో, తర్వాత అక్టోబర్‌లో పంచాయతీలోని నీటి వనరుల చుట్టూ పరిశుభ్రత ఎలా ఉందో సర్వే చేసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కార్డు ఇస్తారు. వరసగా అయిదేళ్లు ఆకుపచ్చ వస్తే వెండి రంగు కార్డు. ఎవరికైనా అర్థమయ్యే పద్ధతి ఇది, మెచ్చుకోవాలి. బావి గట్టు పగిలిందా, పైపు మురుగు కాల్వలోంచి పోతోందా, బోరింగ్ చుట్టూ నీళ్లు నిలుస్తున్నాయా అని చూడటం రోగం రాకముందే కారణాన్ని పట్టుకోవడమే. దాని లోపం వేరే చోట ఉంది. కార్డు మొత్తం పంచాయతీకి ఒక్కటే. ఎంత శాతం వనరులు ప్రమాదంలో ఉన్నాయన్న లెక్క మీద రంగు తేలుతుంది. ఈ సరిహద్దు తాలూకాల్లో ఒక్కో పంచాయతీ కింద నాలుగైదు ఆవాసాలు ఉంటాయి. పెద్ద ఊళ్లో పది వనరులు బాగుండి, రెండు కిలోమీటర్ల అవతల కొలాం గూడెంలో ఉన్న ఒక్క బావీ చెడిపోయినా పంచాయతీకి ఆకుపచ్చ కార్డు రావచ్చు. ఆ గూడెం వాళ్లకు ఉన్నది ఆ ఒక్క బావే. కార్డు పంచాయతీకి కాకుండా ప్రతి బావికీ, బోరింగ్‌కూ ఇవ్వాలి, ఆ రంగు దాని గట్టు మీదే వేయాలి.

ఫలితం ఊరికి చేరకపోవడంలో భాష అడ్డం కూడా ఉంది. ల్యాబు రిపోర్టు మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో వస్తుంది. దశాంశాలు, సంక్షిప్తాలు చూసి గ్రామసేవక్ ఫైలులో పెట్టేస్తాడు. సిరొంచ పల్లెలో తెలుగు మాత్రమే మాట్లాడే ముసలమ్మకు, అహేరి అడవిలో మాడియా మాట్లాడే కుటుంబానికి ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వాళ్లకు కావలసింది ఒక్క మాట: ఈ నీళ్లు తాగొచ్చా, వంటకు మాత్రమేనా, పశువులకేనా? ఆ మాటను ఆ వాడలో మాట్లాడే భాషలోనే అంగన్‌వాడీ గోడ మీద రాస్తే సరిపోతుంది. దండోరా వేయించినా సరే. కిట్టు నేర్చుకున్న అయిదుగురిలో కనీసం ఒకరు ఆ భాష వచ్చినవాళ్లు ఉండాలన్నది శిక్షణకు ఎంపిక చేసేటప్పుడే చూసుకోవాల్సిన విషయం. ఆ మహిళల పనికి కూలి ఇవ్వాలన్నది కూడా చెప్పి తీరాలి. నీళ్లు మోసేది వాళ్లే, పరీక్ష చేసేదీ వాళ్లే, చెడ్డ వార్త చెప్పి మాట పడేదీ వాళ్లే అయితే, ఇదంతా సేవ పేరుతో ఊరికే చేయమనడం సరికాదు.

జివతి తాలూకాలో కొన్ని ఊళ్లను మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవే అంటున్నాయి. అక్కడ రెండు ఓటరు కార్డులు, రెండు పంచాయతీలు, రెండు రేషన్లు. రెండు ప్రభుత్వాలు ఉన్నప్పుడు నీళ్ల ట్యాంకును ఎవరు కడిగించాలి, చెడ్డ ఫలితానికి ఎవరు జవాబు చెప్పాలి అన్నది తేలడం కష్టం. అలాంటి చోట ఊరు సొంతంగా రాసుకున్న రిజిస్టరు ఒక్కటే ఇద్దరు అధికారుల ముందూ పెట్టగల సాక్ష్యం.

ఇంతా చేసి నీళ్లు చెడ్డవని తేలాక ఏం చేయాలి? క్రిములయితే దారి తెలిసిందే: ఆ రోజే క్లోరిన్, లీకు రిపేరు, మళ్లీ పరీక్ష. ఫ్లోరైడ్‌కు అంత తేలిక దారి లేదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారుచేసింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. రోజూ కొలత ప్రకారం కలపాలి, అడుగున మిగిలే మడ్డిని జాగ్రత్తగా పారేయాలి. చూసుకునే మనిషి లేని ఊళ్లో అది నిలవదు. ఇప్పుడు చాలా పల్లెలు 20 లీటర్ల క్యాను మీద ఆధారపడుతున్నాయి. ప్లాంటు వాళ్లు టీడీఎస్ మీటరు ముంచి తక్కువ అంకె చూపించగానే జనం నమ్ముతారు. ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతే. క్రిములను అది చూడలేదు, ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పలేదు. ఊరి నిఘా నల్లా దగ్గర ఆగకుండా వాటర్ ప్లాంటు దాకా వెళ్లాలి. ఫ్లోరైడ్‌కు నిలిచే పరిష్కారం వేరే నీళ్లు తేవడమే. సరిహద్దు అవతల తెలంగాణ 2016లో మొదలుపెట్టిన మిషన్ భగీరథ చేసింది అదే, నదీజలాలను శుద్ధి చేసి ఊళ్లకు పంపడం. చెన్నూరులోనో కాళేశ్వరంలోనో చుట్టాలున్న సిరొంచ వాళ్లు ఆ నీళ్లనూ తమ నీళ్లనూ పోల్చి అడుగుతున్నారంటే ఆ ప్రశ్న న్యాయమైనదే. అప్పటిదాకా చెడ్డ బోరింగ్‌కు ఎర్ర రంగు వేస్తే సరిపోదు. దాని బదులు ఏ బోరింగ్‌కు వెళ్లాలో, అది ఎంత దూరమో కూడా చెప్పాలి. ఆ దూరం ఎక్కువైతే జనం ఎర్ర బోరింగ్ దగ్గరికే తిరిగొస్తారు.

మంచి వనరు ఉన్నా అది నడవకపోతే ఏమవుతుందో 2022 జూలైలో అమరావతి జిల్లా మేళ్‌ఘాట్‌లో కనిపించింది. చిఖల్దరా తాలూకాలోని పాచ్‌డోంగ్రీ, కోయలారీలో కరెంటు బిల్లు బాకీతో నీటి పథకం ఆగిపోయింది. జనం తెరిచి ఉన్న బావి నీళ్లు తాగారు, కలరా వచ్చింది, మనుషులు పోయారు. ఆ బావి నీళ్లను పరీక్షించే కిట్టు కంటే ముందు కట్టాల్సింది ఆ బిల్లు. కాబట్టి ఊరి కమిటీ చూసే జాబితాలో మోటరు, కరెంటు, పైపు కూడా ఉండాలి. డబ్బులు లేవన్న మాట పూర్తిగా నిజం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి అయిదేళ్లకు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి చెరి సగంగా కేటాయించింది.

ఆ డబ్బు దేనికి పోవాలో నిర్ణయించేది గ్రామసభ. మహారాష్ట్రలో సాధారణంగా మే 1న ఒక గ్రామసభ జరుగుతుంది, దానికి ముందు మహిళల సభ జరపాలని చట్టంలోనే ఉంది. ఏప్రిల్ సర్వే కార్డు, ల్యాబు రిపోర్టు, నల్లబడిన సీసాలు అన్నీ ముందు మహిళల సభలో బల్ల మీద పెట్టి, ఏ నల్లా, ఏ బావి, ఏ పైపు అని పేరుపేరునా చదివి, రిపేరు తీర్మానం రాయించాలి. మృగశిర కార్తెకు అప్పటికి అయిదారు వారాలు ఉంటుంది. పైపు అతుకులు మార్చడానికి, ట్యాంకు కడగడానికి, కొత్త పౌడర్ బస్తా తెప్పించడానికి ఆ వారాలు చాలు.